రెండోసారి అడగని దేశం

మా అమ్మ నాకు నేర్పిన మర్యాదల్లో మొట్టమొదటిది ఇది: ఎవరింట్లోనైనా ఏదైనా పెడితే ముందు వద్దనాలి. ఆకలికి కళ్ళు తిరుగుతున్నా సరే, "అబ్బే, ఇప్పుడే తినొచ్చామండీ" అనాలి. వాళ్ళు "భలేదానివే, ఇంత మొహమాటమైతే ఎలా, తీసుకో" అని రెండోసారి అంటారు. అప్పుడు కాస్త నసిగి చెయ్యి చాపాలి. మొదటిసారికే చాపితే, పాపం ఇంట్లో తిండి పెట్టరేమో అనుకుంటారు. మా తెనాలిలో ఈ సంగతి పెట్టేవాళ్ళకీ తెలుసు, తినేవాళ్ళకీ తెలుసు. అందుకని వద్దన్నవాళ్ళెవరూ ఖాళీ కడుపుతో ఇంటికి పోయింది లేదు.

ఈ మర్యాదని మూటగట్టుకుని అమెరికా వచ్చాను. వచ్చిన కొత్తల్లోనే మావారి ఆఫీసాయన భోజనానికి పిలిచాడు. ఆయన భార్య బంగాళదుంపల గిన్నె నా ముందుకు తెచ్చి కావాలా అంది. అలవాటు ప్రకారం "నో, థాంక్యూ" అన్నాను. "ఓకే" అని గిన్నె పక్కాయనకి అందించేసింది మహాతల్లి. అంతే! మళ్ళీ నా వైపు చూస్తే ఒట్టు. ఆ పూట నేను తిన్నది ఒక బ్రెడ్డు ముక్క. ఇంటికొచ్చి గిన్నెడు పెరుగన్నం కలుపుకుని తింటుంటే మావారు ఒకటే నవ్వు.

అప్పుడే నాకు బుద్ధి రావలసింది. రాలేదు సరికదా, అదే మర్యాద మా అమ్మాయికీ నేర్పాను. దానికప్పుడు అయిదేళ్ళు, కిండర్‌గార్టెన్‌లో ఉంది. ఒకరోజు స్కూల్లో ఎవరిదో పుట్టినరోజని టీచరు కప్‌కేకులు పంచిందట. ఇది బుద్ధిగా "నో, థాంక్యూ" అని, రెండోసారి అడుగుతుందేమోనని టీచరు మొహంకేసి చూస్తూ కూర్చుందట. బస్సు దిగి ఇంట్లోకి రాగానే మూతి ముడుచుకుని "అమ్మా, టీచర్ మళ్ళీ అడగలేదు" అంది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "వాళ్ళకి తెలీదమ్మా, మనవాళ్ళయితే మళ్ళీ అడుగుతారు" అని చెప్పి బుజ్జగించాను.

ఇదంతా ఎనభయ్యో దశకం మొదట్లో మాట. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో చిన్న అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. డెట్రాయిట్‌లో అప్పుడు కార్లు అమ్ముడుపోక, వారంవారం ఎవరో ఒకరికి ఉద్వాసన చెబుతున్నారు. ఉన్న ఉద్యోగం ఊడకుండా ఉంటే అదే పదివేలు. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి వచ్చానన్న మాటే గానీ, పిల్ల పుట్టాక ఇల్లు కదల్లేదు. అది కాస్త పెద్దదయ్యాక పుస్తకాల దుమ్ము దులిపి, ఇక్కడి డాక్టరు పరీక్ష ఒకసారి తప్పి, ఇంకోసారి గట్టెక్కాను. ఇక రెసిడెన్సీ దొరకాలి. అంటే ఆసుపత్రిలో మూడేళ్ళ శిక్షణ. అది లేకపోతే ఈ దేశంలో నా డిగ్రీ గోడకి తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంకో ఏడాది ఆగుదామంటే, "చదువై ఇన్నేళ్ళయింది, ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా" అని గుమ్మం కూడా తొక్కనివ్వరు.

అప్లికేషన్లు బోలెడు పంపితే, ఇంటర్వ్యూకి పిలిచినవి రెండే రెండు ఆసుపత్రులు. ఒకటి డెట్రాయిట్‌లో, మా ఇంటికి అరగంట డ్రైవ్. రెండోది టెక్సాస్‌లో ఎక్కడో చిన్న ఊళ్ళో. డెట్రాయిట్ వాళ్ళు తీసుకుంటే ముగ్గురం ఒక్క ఇంట్లో ఉంటాం. టెక్సాసే గతి అయితే నేనక్కడ, ఆయనిక్కడ, పిల్లేమో తెనాలిలో మా అమ్మ దగ్గర. రెసిడెన్సీలో నాకు రాత్రీ పగలూ డ్యూటీలే. మావారి పనికీ వేళాపాళా ఉండేది కాదు, ఆయనొక్కరే దాన్ని చూసుకోవడం జరిగే పని కాదు. ఆ రోజుల్లో మన డాక్టర్లు చాలామంది అలాగే చేసేవారు. పసిపిల్లల్ని ఇండియా వెళ్ళేవాళ్ళ చేతికప్పగించి పంపేవారు. మూడేళ్ళ తర్వాత ఎయిర్‌పోర్టుకి ఎదురెళ్తే, ఆ పిల్లలు కన్నతల్లిని చూసి "నమస్తే ఆంటీ" అనేవాళ్ళు. ఇది నేను కళ్ళారా చూశాను. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

డెట్రాయిట్ ఇంటర్వ్యూ జనవరిలో. పిల్లల వార్డు నడిపే పెద్దాయనే ప్రోగ్రామ్ డైరెక్టర్, అంటే రెసిడెన్సీకి ఎవర్ని తీసుకోవాలో తేల్చే మనిషి. భారీ మనిషి, బో టై, చేతుల మీద ఎర్రటి మచ్చలు. బయట చలికి నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "కాఫీ తాగుతారా?" అన్నాడు. ఆ వాసనకి నోరూరుతోంది. "నో, థాంక్యూ సర్" అన్నాను. ఆయన తన కప్పు తను నింపుకున్నాడు. పసిపిల్లలకి డీహైడ్రేషన్ అయితే సెలైన్ ఎంత ఇస్తారు, ఒంటిమీద ఇలాంటి రాష్ చూస్తే ఏమనుకుంటారు అని అడిగాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో నేను చూడని డీహైడ్రేషనా! టకటకా చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. చివర్లో కుర్చీ వెనక్కి వాలి, "మేం తీసుకుంటే మీకిక్కడికి రావాలని ఉందా?" అని అడిగాడు.

ఉందా అంటే? అరగంట దూరం! నా పిల్ల నా పక్కలో పడుకుంటుంది! ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ నేనన్నదేమిటి? తల వంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అంతా మీ ఇష్టం సర్. మీరెలా నిర్ణయిస్తే అలాగే" అన్నాను. పెద్దాయన ముందు ఎంత వినయంగా మాట్లాడానో అని నాకు నేనే మురిసిపోయాను. ఆయన "ఐ సీ" అని లేచి కరచాలనం చేశాడు. ఇంటికెళ్ళేదాకా కార్లో మావారికి నేను చెప్పిన సెలైన్ లెక్కలే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

మేమున్న ఊళ్ళో తెలుగువాళ్ళకి పెద్దదిక్కు ఒక మత్తు డాక్టరు. మేమంతా అన్నయ్యగారూ అనేవాళ్ళం. ఆదివారమైతే వాళ్ళింట్లోనే అందరి భోజనాలూ. వదిన పులిహోర కలుపుతూ ఉంటే, ఆయన నా దగ్గరికొచ్చి, "ఏమ్మాయ్, ఇంటర్వ్యూ అయ్యాక డైరెక్టరుకి థాంక్యూ లెటర్ రాశావా?" అన్నారు.

"దేనికండీ?"

"దేనికేవిటి! మీ ఆసుపత్రే నా ఫస్ట్ ఛాయిస్, తీసుకుంటే కళ్ళకద్దుకుని వస్తాను అని రాయాలి. ఫోన్ చెయ్యాలి. ఇక్కడ మ్యాచ్ అంటే ఏమిటనుకున్నావ్? మనం మనకి నచ్చిన వరసలో ఆసుపత్రుల పేర్లు రాస్తాం, వాళ్ళు వాళ్ళకి నచ్చిన వరసలో మన పేర్లు రాస్తారు, కంప్యూటరు ముడిపెడుతుంది. నీకు ఇష్టముందో లేదో తెలియకుండా నీ పేరు పైన ఎవడు రాస్తాడు?"

"వాళ్ళకి కావాలంటే వాళ్ళే కబురు చేస్తారు లెండి. మీద పడి దేబిరించమంటారా?"

"అడగనిదే అమ్మయినా పెట్టదు."

"మా అమ్మ అడక్కుండానే పెట్టేది" అన్నాను. నాకు ముక్కుమీద కోపం, అప్పుడూ ఇప్పుడూ. వదిన గరిటె ఆపి, "మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది చూడు" అని మొదలుపెట్టింది. ఆ సామెత పూర్తిగా ఇక్కడ రాయలేను గానీ, వంటింట్లో ఉన్న ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

నేను కదలనని తెలిసి వీళ్ళే రంగంలోకి దిగారు. ఒకరి పనికి ఇంకొకరు మాట చెప్పడం మనకి కొత్తా ఏమన్నానా! మెడిసిన్‌లో చేరినప్పుడు నా తరఫున మాట్లాడింది మా నాన్న, పెళ్ళప్పుడు మా మేనమామ. ఇప్పుడు మావారు ఆఫీసు నుంచి డైరెక్టరు సెక్రటరీకి ఫోన్ చేసి, "మా ఆవిడకి మీ ఆసుపత్రంటే ప్రాణం" అని చెప్పారు. అన్నయ్యగారు ఒక మీటింగులో ఆ డైరెక్టరు కనబడితే పట్టుకుని, "మా చెల్లెల్లాంటిది, బంగారం లాంటి పిల్ల" అన్నారు. నేను ఇంట్లో కూర్చుని, పని జరుగుతోందని తృప్తిపడ్డాను.

మరుసటి ఆదివారం అన్నయ్యగారు మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. పులిహోర పళ్ళెం కూడా ముట్టలేదు.

"ఆయనేమన్నాడో తెలుసా? 'అందరూ వచ్చి ఆవిడకి ఇక్కడికి రావాలని ఉందంటున్నారు. ఆవిణ్ణే అడిగితే మాత్రం మీ ఇష్టం అంది. మూడేళ్ళు రాత్రీ పగలూ పనిచెయ్యాల్సిన చోటికి, ఇష్టంలేని మనిషిని భర్త బలవంతం మీద తెచ్చుకోను' అన్నాడు. నా పరువు తీశావు కదమ్మాయ్!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇష్టంలేని మనిషా, నేనా? నిద్రలో కూడా ఆ ఆసుపత్రి మెట్లే ఎక్కుతున్నానే! "అంత మర్యాదగా మాట్లాడితే అర్థం చేసుకోలేనివాడు ఆయనేం పెద్దమనిషి" అని విసుక్కున్నాను. పోనీ ఇప్పుడైనా ఫోన్ చెయ్యమంటే, ఇప్పుడు చేస్తే గతిలేక చేసిందనుకుంటాడని బిగుసుకుపోయాను. మావారు "సరే, నీ ఇష్టం" అన్నారు. అది ఆయనకి ఊతపదం.

ఇంతలో టెక్సాస్ నుంచి కాంట్రాక్టు వచ్చింది. అప్పట్లో మాబోటి ఫారిన్ గ్రాడ్యుయేట్లకి మ్యాచ్‌తో పనిలేకుండా నేరుగా కాంట్రాక్టు చేతిలో పెట్టే ఆసుపత్రులు ఉండేవి. సంతకం పెట్టి వారంలోగా పంపాలి, లేకపోతే ఇంకొకరికి ఇస్తాం అన్నారు. సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, పిల్ల తెనాలికి వెళ్ళడమూ ఖాయం. పెట్టకుండా డెట్రాయిట్‌ని నమ్ముకుంటే, వాళ్ళూ తీసుకోకపోతే, ఉన్నదీ పోయె ఉంచుకున్నదీ పోయె. అన్నయ్యగారి స్నేహితుల కుటుంబం ఒకటి ఏప్రిల్‌లో ఇండియా వెళ్తోంది. పిల్లని తీసుకెళ్తాం, టికెట్ బుక్ చేసుకోండి అన్నారు. మావారు షాపుకెళ్ళి ఒక చిన్న ఎర్ర సూట్‌కేస్ కొనుక్కొచ్చారు. మా అమ్మాయి అందులో తన రంగు పెన్సిళ్ళూ, ఒక చేతి గ్లోవూ, వంటింట్లోంచి ఒక చెంచా తీసుకెళ్ళి సర్దుకుంది. అమ్మమ్మ ఊళ్ళో చెంచాలుండవనుకుందో ఏమో.

సంతకం పెట్టాల్సిన వారం. పొద్దున్న పిల్లకి జడ వేస్తున్నాను. కడుపులో ఉన్నది ఆపుకోలేక, మామూలు మాటలా అడిగాను. "ఏమే, నువ్విక్కడ నాన్న దగ్గరా అమ్మ దగ్గరా ఉంటావా, అమ్మమ్మ దగ్గరికి వెళ్తావా?"

వెళ్ళనని గుక్కపట్టి ఏడుస్తుందనుకున్నాను. ఏడవాలనే కోరుకున్నాను కూడా. అది అద్దంలోంచి నా మొహంకేసి కాసేపు చూసి, నెమ్మదిగా, "నీ ఇష్టం అమ్మా" అంది.

నా చేతిలో జడ జారిపోయింది. ఇదేమిటి, ఈ పిల్లకి నేను అక్కర్లేదా? ఇంత తేలిగ్గా వెళ్ళిపోతుందా? అప్పుడే, దువ్వెన చేత్తో పట్టుకుని నిలబడి ఉండగానే, ఆ బో టై పెద్దాయన మొహం నా కళ్ళముందుకొచ్చింది. ఆ మాట అన్నవాళ్ళకి ఎంత వినయంగా ఉంటుందో నాకు తెలుసు. విన్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ పొద్దున్నే తెలిసింది.

జడ ఎలాగో ముడేసి, దాన్ని బస్సెక్కించి, కోటు తగిలించుకున్నాను. ఆరోజు మావారు ఎవరితోనో ఆఫీసుకి వెళ్ళడంతో కారు ఇంట్లోనే ఉంది. లైసెన్సు వచ్చింది గానీ మంచులో హైవే మీద నేనొక్కదాన్నే ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు. ఆంజనేయ దండకం గట్టిగా చదువుకుంటూ వెళ్ళాను. పక్కనించి లారీలు వెళ్తుంటే దండకంలో రెండు ముక్కలు మర్చిపోయి, మళ్ళీ మొదటికొచ్చేదాన్ని.

సెక్రటరీ అపాయింట్‌మెంట్ లేదంది. "ఆయన ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే, కూర్చుంటాను" అన్నాను. మధ్యాహ్నం దాటాక ఆయనే తలుపు తీసుకుని బయటికి వచ్చి, నన్ను చూసి, గుర్తుపట్టి, లోపలికి రమ్మన్నాడు. కాఫీ కూజా దగ్గరికెళ్ళి, నా వైపు తిరిగి, మర్యాదకి అడిగినట్టే అడిగాడు. "కాఫీ?"

"యస్, ప్లీజ్" అన్నాను. "పాలు, రెండు చెంచాల పంచదార."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. కప్పు నా చేతికిచ్చి కూర్చున్నాడు. నేను కప్పు బల్లమీద పెట్టి మొదలుపెట్టాను. "ఆరోజు మీరడిగారు, ఇక్కడికి రావాలని ఉందా అని. ఉంది. చాలా ఉంది. మా ఆయన చెప్పమన్నందుకు కాదు, నాకే ఉంది. నాకు పిల్లల వైద్యం కావాలి, ఈ ఆసుపత్రి కావాలి. నేను రాసే వరసలో మొదటి పేరు మీదే. మా దేశంలో పెద్దవాళ్ళు అడిగితే వెంటనే కావాలి అనం. రెండోసారి అడుగుతారని చూస్తాం. మీరు అడగలేదు."

ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాకు తెలియదు" అన్నాడు. "నేను మాట ఇవ్వలేను, డాక్టర్. మీ వరస మీరు రాయండి, మా వరస మేం రాస్తాం. కానీ వచ్చి చెప్పినందుకు సంతోషం." అంతే. తీసుకుంటామని అనలేదు. కాఫీ పరమ దరిద్రంగా ఉంది, నిన్నటి డికాషన్ లాగా. చుక్క మిగల్చకుండా తాగాను.

సాయంత్రం కాంట్రాక్టు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాం. సంతకం పెట్టాలా, చింపెయ్యాలా? "నీ ఇష్టం" అన్నారు మావారు.

"ఇంకోసారి ఆ మాట ఈ ఇంట్లో ఎవరైనా అన్నారంటే ఊరుకోను!" అని అరిచాను. "మీకేం కావాలో మీరు చెప్పండి!"

ఆయన బిత్తరపోయారు. బల్లమీద లేని మచ్చని గోటితో గీకారు. "నువ్విక్కడే ఉండాలి. పిల్లిక్కడే ఉండాలి" అని, లేచి వెళ్ళి అవసరం లేకపోయినా పంపు తిప్పి గిన్నెలు కడిగారు. మా కాపురం మొత్తంలో ఆయన నాకిది కావాలని నోరు తెరిచి చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, వంటింట్లో పంపు చప్పుడు వింటే ఆ వీపే గుర్తొస్తుంది.

టెక్సాస్‌కి రానని రాసేశాను. మ్యాచ్ కాగితం మీద డెట్రాయిట్ పేరొక్కటే రాశాను. ఇండియా టికెట్ మాత్రం వద్దనలేదు, సూట్‌కేస్ కూడా తీసెయ్యలేదు. ఏ సంగతీ తేలకుండా వద్దనుకుంటే దిష్టి తగులుతుందేమోనని భయం. డాక్టర్ని అయ్యుండి ఇదేం పిచ్చి అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ నెలంతా ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. పిల్ల మాత్రం బడికెళ్ళి వస్తోంది, పాలు తాగుతోంది, అల్లరి లేదు, మారాం లేదు. పోనీలే, వెళ్ళాల్సి వచ్చినా ఇది బెంగపెట్టుకోదు అనుకున్నాను.

మార్చిలో సెక్రటరీ ఫోన్ చేసింది. "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్. జులైలో కలుద్దాం" అంది. వెనకనించి ఆ పెద్దాయన గొంతు వినబడింది, కాఫీలో పాలు, రెండు చెంచాల పంచదార గుర్తున్నాయని చెప్పమంటూ. నేను ఫోన్ పెట్టేసి వంటింటి నేలమీదే కూర్చుండిపోయాను. ఏడ్చానో నవ్వానో గుర్తులేదు, రెండూ అయ్యుంటాయి.

మధ్యాహ్నం మా అమ్మాయి మంచు బూట్లతో లోపలికి రాగానే ఎత్తుకుని, "నువ్వు అమ్మమ్మ ఊరు వెళ్ళక్కర్లేదే! ఇక్కడే ఉంటావు, నా దగ్గరే!" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "నిజంగా?" అంది. నిజంగా అన్నాను. అంతే, ఇన్ని రోజులూ కిక్కురుమనని పిల్ల ఒక్కసారిగా బావురుమంది. ఎక్కిళ్ళు పెట్టి, ఊపిరందక, నా మెడ రెండు చేతులతో బిగించి పట్టుకుని, "నాకు వెళ్ళాలని లేదమ్మా, నాకు వెళ్ళాలని లేదు" అని ఒకటే ఏడుపు.

"మరి ఆరోజు అడిగితే నీ ఇష్టం అన్నావు కదే! వెళ్ళనని చెప్పచ్చుగా, నా తల్లీ!"

అది నా భుజానికి ముక్కు తుడుచుకుని, నా వైపు కోపంగా చూసింది.

"నువ్వు మళ్ళీ అడగలేదుగా" అంది.